గుండిగకు బరువొచ్చిన వేసవి

ఆ షాట్ మూడోసారి వెనక్కి వచ్చినప్పుడు నేను పుంగనూరులో, మా ఇంటి మేడ మీది గదిలో కూర్చుని ఉన్నాను. ఆరు సెకన్ల షాట్ అది. పిల్లల కోసం తీస్తున్న బొమ్మల కథలో లావుపాటి వంటమనిషి ఒకడు పులుసు నిండిన గుండిగను కట్టెల పొయ్యి మీది నుంచి దించి పక్కన పెడతాడు. అంతే. బెంగళూరులోని ఒక స్టూడియోకు నేను ఇంటి నుంచే పనిచేస్తాను. కంప్యూటర్‌లో వాళ్లు తయారు చేసి ఇచ్చిన బొమ్మలకు కదలిక ఇవ్వడం నా ఉద్యోగం. అప్పటికి మూడేళ్లుగా అదే పని. నాకు పని వచ్చనే అనుకునేదాన్ని.

మా టీమ్‌ను నడిపే సారు ఈసారి మెసేజ్ పెట్టకుండా ఫోన్ చేశారు.

"గుండిగలో పులుసు లేదమ్మా," అన్నారు.

"ఉంది సార్. పై నుంచి చూస్తే కనబడుతుంది."

"మనకు కనబడుతోంది. ఎత్తేవాడికి తెలియడం లేదు. ఖాళీ డబ్బా తీసినట్టు తీసేస్తున్నాడు."

చేయగలిగినవన్నీ అప్పటికే చేశాను. వేగం తగ్గిస్తే వంటమనిషి నీళ్లలో మునిగి ఎత్తుతున్నట్టు కనిపించాడు. నడుం ఇంకాస్త వంచాను. నుదుటి మీద చెమట పెట్టాను. పళ్లు బిగించాను. ఎన్ని చేసినా గుండిగ మాత్రం గాలి నింపిన బుడగలా పైకి లేస్తోంది.

"నీకు బొమ్మలు గీయడం వచ్చా?" అని అడిగారు సారు. "కంప్యూటర్ మీద కాదు. కాగితం మీద, పెన్సిల్‌తో."

రాదని చెప్పాను. తిరుపతిలో ఆర్నెల్లు కోర్సు చేశాను. అక్కడ మౌస్ పట్టించారు గాని, పెన్సిల్ ఎవరూ పట్టించలేదు.

కుప్పంలో ఒకావిడ ఉన్నారని చెప్పారు సారు. కంప్యూటర్లు రాకముందు ఆవిడ మద్రాసులో ఒక చిన్న స్టూడియోలో ప్రకటనల సినిమాలకు చేత్తో బొమ్మలు గీసేవారట. సారు కుర్రతనంలో అక్కడ చేరితే, మొదట పని నేర్పింది ఆవిడే. "ఈ షాట్‌ను నెల రోజులు పక్కన పెడతాను. ఆదివారాలు వెళ్లి నేర్చుకో," అన్నారు. నాకు చిన్నతనంగా అనిపించింది. ఫోన్ పెట్టేశాక, నేర్చుకోవడానికి ఇంత దగ్గరలో మనిషి ఉన్నారన్న ఉత్సాహం కూడా కలిగింది.

ఆ ఆదివారం పలమనేరులో బస్సు మారి, లాప్‌టాప్ సంచి ఒళ్లో పెట్టుకుని కుప్పం చేరాను. స్టేషన్ వెనక వీధిలో ఇల్లు. స్టూడియో మూతపడ్డాక ఆవిడ చెల్లెలి దగ్గరికి వచ్చేసి, అక్కడే ఉండిపోయారు. తలుపు తీసినావిడకు డెబ్బై దాటి ఉంటాయి. సన్నటి మనిషి. కళ్లద్దాలు తాడుకు వేలాడుతున్నాయి. ముడిలో పెన్సిల్ గుచ్చి ఉంది.

"ఆ పిల్లోడు పంపించింది నిన్నేనా?" అన్నారు. మా సారుకు యాభై దాటాయి.

"అవును మేడమ్."

"మేడమ్ యాల? స్టూడియోలో అందురూ అక్కా అనేటోళ్లు. నువ్వూ అట్లే పిలువు." నా సంచి వంక చూసి, "దాన్ని ఆడ మూల్లో పెట్టు. దానితో ఇప్పుడు పని లేదు," అన్నారు.

లోపలి గదిలో కిటికీ దగ్గర ఒక బల్ల ఉంది. దాని పైభాగం ఏటవాలుగా బిగించిన గాజుపలక. కింద ట్యూబ్‌లైటు. లైటు వేస్తే, ఒకదాని మీద ఒకటి పెట్టిన కాగితాల్లోంచి అడుగు బొమ్మ కనిపిస్తుంది. కాగితాలు కదలకుండా అంచున బెజ్జాలు పొడిచి మూడు మేకుల పట్టీకి తగిలిస్తారు. ఆ బల్లను మద్రాసు నుంచి రైల్లో తెచ్చుకున్నారట.

అక్క వంటింట్లోకి వెళ్లి సగం నిండిన రాగుల మూట ఒకటి తెచ్చి నా ముందు నేల మీద పడేశారు.

"ఇది లేసి గోడ దూకల్ల. పన్నెండు బొమ్మల్లో దూకించు."

"దీనికి కాళ్లు లేవు కదక్కా. ముఖం కూడా లేదు."

"అందుకే ఇచ్చినా. మొగముంటే దానిమీద రోంత ఏడుపు గీసి తప్పించుకుంటావు నువ్వు."

చెమట పెట్టి, పళ్లు బిగించిన నా వంటమనిషిని ఆవిడ ఇంకా చూడనేలేదు.

పన్నెండు బొమ్మలకు నాకు మూడు గంటలు పట్టింది. గీయడం రాని చెయ్యి కదా, ఒక్కో కాగితంలో మూట ఒక్కో ఆకారంలో వచ్చింది. అక్క ఆ కట్టను ఎడమ చేతి వేళ్ల మధ్య ఇరికించుకుని టపటపా దొర్లించారు. మూట దూకలేదు. ఎవరో కింద నుంచి తోసినట్టు నిలువుగా లేచి, అవతల వాలింది. ఆవిడ ముడిలోంచి పెన్సిల్ తీసి, రెండో కాగితం మీద మూటను నేలకేసి అదిమినట్టు పొట్టిగా, వెడల్పుగా గీశారు. నాలుగోదానిలో పొడుగ్గా సాగదీశారు. గాలిలో ఉన్నదాంట్లో మాత్రం రాగులన్నీ మూట అడుగుకు జారినట్టు గీశారు.

"ఇంగ దొర్లించు."

వేళ్లు కుదరక రెండుసార్లు కాగితాలు జారిపోయాయి. మూడోసారి కుదిరింది. మూట కిందికి కుంగింది. ఊపిరి పీల్చుకున్నట్టు ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఎగిరి, గోడ దాటి, అవతల ధబ్బున పడి కుదుటపడింది. నా చేతుల్లో కాగితం, పెన్సిల్ గీతలు తప్ప ఏమీ లేవు. అయినా ఆ మూట దూకాలనుకుని దూకింది. నేను మళ్లీ దొర్లించాను. మళ్లీ మళ్లీ దొర్లించాను. మూడేళ్లుగా రోజుకు ఎనిమిది గంటలు కదిలే బొమ్మల మధ్య కూర్చున్నదాన్ని, బొమ్మ కదలడం అదే మొదటిసారి చూసినట్టు ఉంది.

భోజనం చేస్తూ అక్క తన పని గురించి చెప్పారు. ఒక కదలికలో ముఖ్యమైన భంగిమలు నాలుగో ఐదో ఉంటాయి. వాటిని కీ బొమ్మలంటారు. పెద్ద ఆర్టిస్టులు అవి గీసి ఇస్తే, ఒకదాని నుంచి ఇంకోదానికి చేరేలోపు రావలసిన మధ్యబొమ్మలు మరొకరు గీయాలి.

"నేను గీసినవన్నీ మధ్యబొమ్మలే. ఇరవై రెండేండ్లు."

"కీ బొమ్మలు గీయలేదా అక్కా?"

"ఆడోళ్లకు ఎవురిస్తారమ్మా? మాకు మధ్యబొమ్మలు, రంగులు. అంతే." అలా అని, నా ఆకులో ఇంకొంచెం చారు పోశారు.

తర్వాతి వారమంతా నేను మామూలు మనిషిని కాను. ఆఫీసు పని అయిపోగానే కాగితాలు ముందేసుకునేదాన్ని. కూరగాయల సంచిని గీశాను. నీళ్ల బిందెను గీశాను. మెట్ల మీద పడుకున్న పిల్లి వీపు విరుచుకోవడం గీశాను. బస్సు టికెట్ల వెనక, కరెంటు బిల్లు వెనక గీశాను. ఇంట్లో ఉండేది నేను, మా అమ్మ. "ఎన్ని కాగితాలే ఇవి, ఊడ్చేదానికే నాకు పొద్దు పోతాంది," అంటూనే అమ్మ అవి ఒక్కటీ పారేయకుండా బియ్యం డబ్బా మీద దొంతిగా పెట్టేది.

రెండో ఆదివారం అక్క ఇచ్చిన పని వేరు. "మనుషులు బరువెత్తేది సూసి గియ్యి. ఫోటోలొద్దు. కూర్చోని, కంటితో సూసి గియ్యి. యాబై బొమ్మలు తే."

బరువెత్తే మనుషులు ఎక్కడుంటారో నాకు బాగా తెలుసు. నాకు ఉద్యోగం వచ్చేదాకా మా అమ్మ మదనపల్లె టమాటా మార్కెట్ యార్డులో కాయలు ఏరే పనికి వెళ్లేది. మంచి కాయ, పచ్చి కాయ, దెబ్బ తగిలిన కాయ విడదీసి బాక్సులకు ఎత్తడం ఆ పని. నేను ఉద్యోగంలో చేరాక మానిపించాను. యార్డుకు తోడు రమ్మంటే, "ఇప్పుడు నేనెందుకు ఆడికి?" అంటూనే ఇస్త్రీ చీర కట్టుకుని నా కంటే ముందే చెప్పులేసుకుంది.

ఆ శనివారం తెల్లవారగానే చేరాం. ఎండలు ముదిరిన నెల, కాయ బాగా దిగుతున్న కాలం. లారీలు, ఆటోలు, వేలం పాటల కేకలు, కాళ్ల కింద నలిగిన టమాటాల పుల్లటి వాసన. ఖాళీ బాక్సుల దొంతి ఒకదాన్ని పీటగా చేసుకుని నేను గీయడం మొదలుపెట్టాను. ఒక హమాలీ రెండు మూడుసార్లు నా ముందు నుంచి బాక్సులు మోసుకుపోయి, నాలుగోసారి ఆగాడు. నలభై ఏళ్లుంటాయి. తలకు తువ్వాలు చుట్టుకున్నాడు.

"ఏం పాపా, సర్వేనా?"

మా అమ్మ అందుకుంది. "మా పాపే అన్నా. బొమ్మలు గీస్తాది. మీరు బాక్సెత్తేది సూసి నేర్సుకోవల్లంట."

"ఎత్తేదాంట్లో నేర్సుకునేదానికి ఏముండాది?"

నాకు ఉన్నట్టుండి ఒక ఆలోచన వచ్చింది. "అన్నా, ఈ ఖాళీ బాక్సును కాయలు నిండిన బాక్సు మాదిరి ఎత్తి చూపిస్తారా?"

అతను నవ్వి, "అదెంత పని," అని వంగి పట్టుకున్నాడు. బాక్సు గడ్డం దాకా ఎగిరింది. చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. రెండోసారి ముఖమంతా బిగించి ఎత్తాడు. కాయలు ఏరుతున్న ఒకామె తలెత్తి చూసి, "మొగమట్ల పెట్టినావేందన్నా, కడుపునొప్పా?" అంది. మూడోసారి అతను బాక్సు మీద చేతులు పెట్టి అలాగే నిలబడి ఆలోచించాడు. అప్పుడతనికి పంతం వచ్చింది. మరో రెండుసార్లు ప్రయత్నించి చివరికి చేతులు దులుపుకున్నాడు.

"కాదు పాపా. చేతికి తెలిసిపోతాండాది. అది నమ్మల్ల గదా."

నేను ఆ మాట అక్కడికక్కడే కాగితం మీద రాసుకున్నాను.

"నిండింది ఎత్తుతా, సూసుకో," అని అతను నా కోసం నిదానంగా మూడుసార్లు ఎత్తాడు. అప్పుడు చూశాను. ముందు అంచు పట్టుకుని బాక్సును రవ్వంత వంచుతాడు. దాని బరువెంతో చేతులకు చెప్పడానికి కాబోలు. తర్వాత ఒక పాదం ముందుకు, ఒకటి పక్కకు వస్తాయి. నడుం బాక్సు దగ్గరికి వస్తుంది. చేతులు తాడులా బిగుస్తాయి. మనిషి లేవడం మొదలుపెడతాడు, బాక్సు ఇంకా నేల మీదే ఉంటుంది. అది కదిలేసరికి మనిషి పని సగం అయిపోయి ఉంటుంది. నేను చేసిన వంటమనిషీ గుండిగా ఒకేసారి లేస్తాయి. నా తప్పంతా అక్కడే ఉంది. అది కంటికి కనిపించగానే నాకు కూర్చోబుద్ధి కాలేదు. నిలబడే గీశాను.

పన్నెండు గంటలకు యాభై కాదు, ఎనభై బొమ్మలయ్యాయి. అమ్మ కోసం వెతికితే, తన పాత స్నేహితురాలి పక్కన గోనెపట్టా మీద కూర్చుని కాయలు ఏరుతోంది. మాటలు ఒకవైపు, చేతులు ఒకవైపు. కాయను చూడనైనా చూడకుండా పక్కకు వేస్తోంది. ఆమె చేతులను కూడా గీశాను.

మూడో ఆదివారం అక్క ఎనభై బొమ్మలనూ నేల మీద పరిచి, వాటి మధ్య తిరుగుతూ ఒక్కొక్కటే ఏరిపారేశారు. "ఇది మొగం. ఇదీ మొగమే. ఇది తువ్వాలు బాగుందని గీసినావు." చివరికి ఏడు మిగిలాయి. ఆ ఏడింటిలో ముఖాలు లేవు. పాదాలు, మోకాళ్లు, నడుం మాత్రం ఉన్నాయి. "ఈ ఏడింట్లో మనిషుండాడు. పని చేస్తాండాడు," అన్నారు. ఎనభైకి ఏడు. అయినా నాకు పండగలాగే ఉంది. ఆ ఏడింటి సాయంతో నా వంటమనిషిని కాగితం మీద మొదటి నుంచి గీయడం ఆరంభించాను. అది పూర్తి కావడానికి ఇంకో వారం పట్టింది.

నాలుగో ఆదివారం అక్క ఆ కట్ట దొర్లించి చూశారు. గుండిగ కదలక ముందు ఇంకో ఐదు బొమ్మలు చేర్పించారు, లేచేటప్పుడు రెండు తీసేయించారు. తర్వాత గది మూల చూపించారు.

"ఇంగ ఆ మిషన్ బయటికి తియ్యి. నీ పని సూస్తాను."

లాప్‌టాప్ తెరిచాను. కాగితం మీది కీ భంగిమలకు సరిపోయేట్టు వంటమనిషిని ఒక్కొక్క చోట వంచి పెట్టాను. అక్క కళ్లద్దాలు పెట్టుకుని పక్కన కూర్చున్నారు.

"ఇవి కీలు. సరే. మధ్యబొమ్మలు ఎవురు గీస్తారు?"

"ఎవరూ గీయరక్కా. ఇదే నింపుకుంటుంది."

మీట నొక్కాను. వంటమనిషి మొదటి భంగిమ నుంచి చివరిదాకా కదిలాడు. నొక్కిన మరుక్షణమే నొక్కకుండా ఉండాల్సిందనిపించింది. అక్క ఇరవై రెండేళ్లు చేత్తో చేసిన పని అది. వీధి అవతల రైలు పోతుంటే కిటికీ అద్దాలు కదిలాయి. రైలు పోయాక, "ఇంగో తూరి," అన్నారు. మళ్లీ వేశాను.

"నాకు ఇది రెండు దినాల పని," అన్నారు నెమ్మదిగా. అంతలో ముందుకు వంగి, వేలు స్క్రీన్‌కు ఆనించారు. "అన్నీ సమానంగా పెట్టిండాది సూడు. ఈ కొసకూ ఆ కొసకూ ఒగటే దూరం. దీనికి ఎవురూ సెప్పలేదా?"

"నేనే చెప్పాలక్కా. చెప్పలేదు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గాని దాని అర్థం నాకే తెలియలేదు. మూడేళ్లుగా నేను కొన్ని భంగిమలు పెట్టి, మధ్యలో జరిగేదంతా మిషన్‌కు వదిలేశాను. బరువంతా ఆ మధ్యలోనే ఉంది.

ఏది ఎప్పుడు ఎంత కదులుతుందో చూపించే గీతను తెర మీదికి తెచ్చాను. అక్క దాన్ని చూడగానే పట్టేశారు. "ఇది గుండిగ గీతా? అట్లయితే ఈడిదాకా పండుకోనే ఉండల్ల. ఈడ లేవనే గూడదు." నా చేతిలోంచి మౌస్ తీసుకున్నారు. ఆవిడ మౌస్ పట్టుకోవడం అదే మొదటిసారి. బాణం గుర్తు ఎటో పోయింది. దాన్ని వెతికి తెచ్చుకుని, గీత కొసను పట్టుకుని కిందికి లాగారు. ఎక్కువ లాగితే గుండిగ పొయ్యిలో కూరుకుపోయింది. ఇద్దరం నవ్వాం. తర్వాత నడుం గీతను ముందుకు జరిపాం, చేతులది వెనక్కి. పాదాలను విడిగా సరిచేశాం. భోజనానికి పిలిచిన చెల్లెలికి ఇద్దరం సమాధానం ఇవ్వలేదు.

మూడు గంటలకు వేసి చూశాం. వంటమనిషి గుండిగ అంచు పట్టుకుని కాస్త వంచాడు. పాదాలు సర్దుకున్నాడు. కుంగాడు. చేతులు బిగిశాయి. గుండిగ కదలలేదు. ఇంకా కదలలేదు. అప్పుడు లేచింది. లోపల పులుసు ఒక పక్కకు ఒరిగి, మళ్లీ సమంగా వచ్చింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు. చెల్లెలు గరిటెతోనే గుమ్మంలోకి వచ్చి, "ఏమైందక్కా?" అన్నారు.

"గుండిగ లేసిందే," అన్నారు అక్క.

మర్నాడు షాట్ పంపాను. గంటలో సారు దగ్గర్నుంచి రెండే మాటల జవాబు వచ్చింది: పులుసు ఉంది. కిందికి వెళ్లి అమ్మకు చూపించాను. అమ్మ ఫోన్‌ను దూరంగా పట్టుకుని చూసి, "నిదానంగా పెట్టమను, కాళ్ల మీద పడతాది," అంది. నాకు ఆ మాట సారు మెసేజ్ కంటే బాగుంది.

నెల గడువు అయిపోయినా కుప్పం వెళ్లడం మానలేదు. తర్వాతి ఆదివారం వెళ్లేసరికి బల్ల మీద ఒక పాత చీర ముక్క కప్పి ఉంది. అక్క దాన్ని తీయడానికి కాసేపు తటపటాయించారు. దాని కింద ఐదు కాగితాలు. కుప్పం ప్లాట్‌ఫారం మీద ఒక ఆడమనిషి కదిలే రైలు వెంట పరుగెడుతోంది. నెత్తిన కూరగాయల గంప. రెండో బొమ్మలో రైలు తలుపు పక్క కడ్డీ అందుకుంటుంది. మూడోదాంట్లో గంపను లోపలికి విసురుతుంది. నాలుగోదాంట్లో ఆమె కాళ్లు రెండూ గాలిలో ఉన్నాయి. ఐదోదాంట్లో తలుపు దగ్గర కూర్చుని చెదిరిన జుట్టు ముడేసుకుంటోంది.

"కీ బొమ్మలు," అన్నారు అక్క. "నేనే గీసినా. బాగుండాయా, లేదా? నిజం సెప్పు."

బాగున్నాయన్నట్టు తల ఊపాను.

"అట్లయితే మధ్యవి నువ్వు గియ్యి. మిషన్‌తో కాదు, చేత్తో."

మూడు నెలలు గీశాను. నూట నలభై కాగితాలు. కొన్ని ఆదివారాలు రెండే బొమ్మలు అయ్యేవి. గంప లోపల వంకాయలు ఎటు దొర్లాలో ఒక పూటంతా వాదించుకున్నాం. ఆఫీసులో నా మిగతా షాట్లు వెనక్కి రావడం తగ్గిందని సారు చెప్పినప్పుడు సంతోషించాను గాని, నా మనసంతా ఆ రైలు తలుపు దగ్గరే ఉండేది.

కాగితాలన్నీ ఫోన్‌తో ఒక్కొక్కటే ఫోటో తీసి, వరుసగా కూర్చి, ఒక మధ్యాహ్నం అక్క వాళ్లింట్లో టీవీలో వేశాను. సారు బెంగళూరు నుంచి రైల్లో వచ్చారు. మా అమ్మ నాతో వచ్చింది. చెల్లెలు కిటికీ తలుపులు మూశారు. పన్నెండు సెకన్లు. ఆమె పరుగెత్తింది, గంప విసిరింది, ఎగిరి ఎక్కింది, జుట్టు ముడేసుకుంది.

సారు నేల మీద కూర్చుని, ఆ ఐదు కాగితాలు అడిగి తీసుకుని, చాలాసేపు దొర్లించుకున్నారు.

"ఆమె యాడికి పోతాండాదక్కా?" అని అడిగింది మా అమ్మ.

"బంగారుపేటకు. ఆడ సంత."

"ఇంగో తూరి ఎయ్యే," అంది అమ్మ నాతో. వేశాను. తర్వాత అందరూ అడిగారు. ఎనిమిదిసార్లు వేశాను. ఎనిమిదోసారి అక్క చెయ్యెత్తి ఆపమన్నారు. టీవీ దగ్గరికి వెళ్లి, కళ్లద్దాలు పెట్టుకుని చూశారు.

"కొంగు ముందే ఎగిరిండాది. రైలు గాలి తగిలినాక గదా ఎగరల్ల. నా తప్పే ఇది, నాలుగో బొమ్మలో." ఆవిడ ముఖం వెలిగిపోతోంది. "కాగితాలు తేమ్మా. బిన్నా తే," అని తొందరపెట్టారు.

నేను కిటికీ తెరిచి, బల్ల కింద లైటు వేశాను.